పర్యావరణంపై అభిప్రాయం హోటల్ ఎంపికను మారుస్తుందా?

పర్యావరణంపై శ్రద్ధ ఉన్న పర్యాటకులు హోటల్‌ను కూడా ఆ శ్రద్ధతోనే ఎంచుకుంటారా అని, మీ ప్రాజెక్టు కోసం అడిగారు. చెన్నైలో చాలాకాలంగా హోటల్ బుకింగులు చూస్తున్న అనుభవంతో చెబుతున్నాను: ఆ శ్రద్ధ మొదటి వడపోతలో దాదాపు కనిపించదు, చివరి వడపోతలో మాత్రం కనిపిస్తుంది. నెల్లూరు నుంచో గుంటూరు నుంచో కంటి ఆసుపత్రికి, పెళ్లి బట్టలకు, అమెరికా వీసా ఇంటర్వ్యూకు వచ్చే మనవాళ్లు ముందు అడిగేది దూరం, అద్దె, శుభ్రత, పొద్దున్నే టిఫిను. ఇవన్నీ ఇంచుమించు సమానంగా ఉన్న రెండు మూడు హోటళ్లు మిగిలినప్పుడే, తాగునీరు గాజు సీసాల్లో ఇస్తారా, సౌర విద్యుత్తు ఉందా అన్న ప్రశ్నలు వస్తాయి.

దీనికి మినహాయింపు 2019 వేసవి. పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు అడుగంటి, జూలైలో జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తెప్పించుకోవలసి వచ్చిన ఆ రోజుల్లో, ఫోను చేసినవారు అద్దె కంటే ముందు నీళ్ల సంగతే అడిగేవారు. అది పర్యావరణ స్పృహ కాదు, తమ స్నానం గురించిన బెంగ అని మీరు అనవచ్చు, నేనూ అంటాను. కానీ వాడిన నీటిని శుద్ధిచేసి ఫ్లష్‌లకు, తోటకు మళ్లించే ఏర్పాటు హోటల్‌కు ఎందుకు ఉండాలో చాలామంది అతిథులకు అర్థమైంది అప్పుడే.

పర్యావరణ గుర్తింపు పత్రం ఉందా అని నేరుగా అడిగేది ఎక్కువగా కంపెనీల ట్రావెల్ విభాగాలు. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ నిబంధనల ప్రకారం 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు పర్యావరణ బాధ్యతపై ఏటా నివేదిక ఇవ్వవలసి రావడం ఇందుకు ఒక కారణం. గిండీలోని ఐటీసీ గ్రాండ్ చోళ హోటల్‌కు ఉన్న లీడ్ ప్లాటినం (పర్యావరణహిత భవనాలకు ఇచ్చే అత్యున్నత శ్రేణి) వంటి గుర్తింపు అలాంటివారికి పనికివస్తుంది. సొంత డబ్బుతో దిగే కుటుంబానికి ఆ పేరే తెలియదు.

ఇక గదిలోకి వెళ్లాక జరిగేది వేరు. ప్లాస్టిక్ సీసా వద్దని మర్యాదగా తిరిగి పంపిన అతిథే, బయటికి వెళ్లేటప్పుడు ఏసీ ఆగిపోకుండా తలుపు పక్కనున్న కీకార్డు గాడిలో తన విజిటింగ్ కార్డు దూర్చి వెళ్లడం మా సిబ్బందికి కొత్త కాదు. తువ్వాళ్లు మళ్లీ వాడండి అని చీటీ పెడితే, ఉతుకుడు ఖర్చు మీకు తగ్గుతుంది కదా, మరి అద్దెలో ఎంత తగ్గిస్తారని అడిగినవారూ ఉన్నారు. నా దృష్టిలో అది న్యాయమైన ప్రశ్నే. అదే చీటీలో ఈ హోటల్‌లో దిగినవారిలో ఎక్కువమంది తువ్వాళ్లు మళ్లీ వాడుతున్నారని రాస్తే ఫలితం మెరుగుపడుతుందని అమెరికాలో గోల్డ్‌స్టీన్, చాల్డినీ, గ్రిస్కెవిషియస్ 2008లో ప్రచురించిన పరిశోధనలో తేలింది: మామూలు చీటీకి 35 శాతం స్పందిస్తే, దీనికి 44 శాతం స్పందించారు.

అందువల్ల మీ ప్రశ్నావళిలో ‘పర్యావరణహిత హోటల్‌ను ఎంచుకుంటారా’ అని అడగవద్దు. దానికి కాదనేవారు ఉండరు. కిందటిసారి ఏ హోటళ్లను పోల్చి చూశారు, దేన్ని దేనివల్ల వదిలేశారు, ఎంత అద్దె ఎక్కువైనా సరే అనుకున్నారు అని అడగండి.