బీమా ఇవ్వని వైద్యఖర్చు ఎవరు భరించాలి?

ప్రశ్న: విడాకుల డిక్రీలో బాబుకు నెలవారీ మనోవర్తి రాశారు గానీ వైద్యం ఊసు లేదు. వాడి పళ్ల క్లిప్పులకు బీమా వర్తించదన్నారు. సగం భరించమంటే, నెలనెలా ఇచ్చేదాంట్లోనే సర్దుకోమంటున్నారు ఆయన. నేనూ ఉద్యోగం చేస్తున్నాను. ఏం చేయాలి?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం పోషణలోనే వైద్యాన్నీ చేర్చి, 20వ సెక్షన్‌లో ఆ బాధ్యతను తల్లిదండ్రులిద్దరిపైనా పెట్టింది. చెరిసగమని మాత్రం చెప్పలేదు కాబట్టి, ఇద్దరి సంపాదనను బట్టి వాటా అడగడమే న్యాయమని నా అభిప్రాయం. డిక్రీ వచ్చాక కూడా హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద, విడాకులిచ్చిన కోర్టులోనే పిటిషన్ వేయవచ్చు. దంతవైద్యుని సలహాచీటీ, బిల్లులు, బీమా సంస్థ తిరస్కరణ లేఖ జతచేసి, ఇకపై వచ్చే ఖర్చులకూ వాటా నిర్ణయించమని కోరండి. ఈలోగా చికిత్స ఆపకండి, డబ్బు సంగతి బాబుతో అడిగించకండి.