స్పేస్‌లో డేటా సెంటర్లు కుదురుతాయా? అమ్మోనియా ప్లాంటులో పనిచేసినోడిగా నా జవాబు

"పైన గడ్డకట్టే చలి, 24 గంటలూ ఎండ, మరి విశాఖలో అంత భూమి, అన్ని నీళ్ళు పెట్టి డేటా సెంటర్ కట్టడం దేనికి, అంతరిక్షంలో పెట్టేస్తే పోలా" అని అడిగారు కదండీ. డేటా సెంటర్ అంటే సర్వర్లు, అంటే పెద్ద కంప్యూటర్లు, వేలల్లో పెట్టి నడిపే భవనం. నేను రాకెట్ సైంటిస్టుని కాదు. ఐస్ ఫ్యాక్టరీలో రెండేళ్ళు, ఆ తర్వాత భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో పదకొండేళ్ళు, చల్లబరచడానికి వాడే అమ్మోనియా గ్యాస్ కంప్రెసర్ల దగ్గర డ్యూటీ చేశాను, ఇప్పుడు పాలకొల్లు, నరసాపురం, రాజోలు వైపు ఏసీలూ చిన్న చిన్న సర్వర్ రూములూ ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు మీద చూసుకుంటున్నాను. వేడి ఎక్కడ పుడుతుంది, ఎక్కడికి పోతుంది, నా జీవితమంతా ఈ గొడవే. మీ ప్రశ్నలో ముప్పాతిక వంతు కూడా ఇదే గనక ధైర్యం చేసి రాస్తున్నా.

ముందు ఆ చలి సంగతి. ఏసీ చలిని తయారు చెయ్యదండీ, గదిలో వేడిని మోసుకెళ్ళి బయట పారబోస్తుంది, అంతే. నాలుగేళ్ళ కిందట ఏప్రిల్‌లో ఒక ఆఫీసు నుంచి ఫోను, సర్వర్ రూములో ఏసీలు రెండూ ఆన్‌లోనే ఉన్నాయి కానీ గది పొయ్యిలా ఉంది, సర్వర్ దానంతటదే ఆఫ్ అయిపోతోంది అని. వెళ్ళి చూస్తే గ్యాస్ సరిపడా ఉంది, ఫిల్టర్లు శుభ్రంగా ఉన్నాయి, కంప్రెసర్ తిరుగుతోంది, నాకేం అర్థం కాలా. మేడ ఎక్కితే తెలిసింది, రాగి పైపులు ఎవరో కోసుకుపోతున్నారని అవుట్‌డోర్ యూనిట్లకి చుట్టూ మూడు పక్కలా రేకులు కొట్టించి పైన మూత కూడా పెట్టించారు. ఫ్యాను వదిలిన వేడిగాలిని మళ్ళీ అదే పీల్చుకుంటోంది. మూత ఊడదీయించి గంట కూర్చుంటే గది చల్లబడింది. నేను చేసిన రిపేరేమీ లేదు, బిల్లు ఏమని వెయ్యాలో తెలీక విజిటింగ్ ఛార్జీ తీసుకుని వచ్చేశా.

స్పేస్ అంటే ఆ మూత అన్ని పక్కలా పెట్టేసినట్టండి. అక్కడ గాలి లేదు, నీళ్ళు లేవు. మనకి చలి వెయ్యాలన్నా చల్లటి గాలో నీళ్ళో వచ్చి ఒంటికి తగలాలి కదా, అది మన వేడిని పట్టుకుపోవాలి కదా, పైన ఆ పట్టుకుపోయేవాడు ఎవడూ లేడు. అంచేత "స్పేస్ చల్లగా ఉంటుంది కాబట్టి కూలింగ్ ఫ్రీ" అని వీడియోల్లో చెప్పేవాళ్ళ మాట నమ్మకండి.

అలాగని వేడి అసలు పోనే పోదు అని కూడా కాదు, ఒక్క దారి ఉంది. మీరు పల్లెటూరి వాళ్ళయితే చూసే ఉంటారు, ధనుర్మాసంలో తెల్లారుజామున రేకుల షెడ్డు కింద నిలబడితే వాన పడ్డట్టు బొట్లు బొట్లు నెత్తిన పడతాయి, చుట్టూ గాలి మరీ అంత చల్లగా ఏం ఉండదు కానీ రేకు మాత్రం గాలికంటే చల్లబడిపోయి ఉంటుంది. ఎందుకంటే రేకు రాత్రంతా తన వేడిని కంటికి కనపడని వెలుగులాగా ఆకాశంలోకి వదిలేస్తూనే ఉంటుంది. మబ్బు పట్టిన రాత్రి మంచు కురవదని మా మావయ్య చెప్పేవాడు, కారణం ఆయనకి తెలీదు గానీ మాట నిజమే, మబ్బు తన వేడిని కిందకి తిప్పి పంపుతుంది. స్పేస్‌లో సర్వర్లని చల్లబరచడానికి ఉన్న ఒకే ఒక్క పద్ధతి ఈ రేకు పద్ధతే. దాన్ని రేడియేటర్ అంటారు, కారులో రేడియేటర్‌కీ దానికీ పేరు తప్ప పోలిక లేదు, ఫ్యాను ఉండదు, పెద్ద పలక అంతే, లోపల గొట్టాల్లో ద్రవం తిరుగుతుంది.

ఇది ఎంత నెమ్మదో లెక్క కట్టుకోవచ్చు, సూత్రం ఇంటర్ ఫిజిక్సులో ఉన్నదే, స్టెఫాన్ బోల్ట్జ్‌మన్ నియమం. పలక 60 డిగ్రీల వేడిలో ఉంటే చదరపు మీటరుకి రెండు వైపులా కలిపి సుమారు 1,250 వాట్లు వదులుతుంది, అదీ దాని మీద ఎండ పడకుండా, కిందనుంచి భూమి వేడి తగలకుండా ఉంటేనే. ఇప్పుడు ఏఐకి వాడే పెద్ద రాకు, అంటే సర్వర్లు పేర్చే అర, ఒక్కటే దాదాపు 120 కిలోవాట్లు తింటుంది, తిన్న కరెంటంతా చివరికి వేడే. అంటే ఒక్క బీరువా సైజు రాకుకి దగ్గర దగ్గర 100 చదరపు మీటర్ల పలక. మన లెక్కలో చెప్పాలంటే రెండున్నర సెంట్లు! ఊళ్ళో ఆ జాగాలో ఇల్లు కట్టుకుంటాం. విశాఖలో గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించిన 1 గిగావాట్ సైజు పైన కావాలంటే రేడియేటర్లే 200 ఎకరాలు, సోలార్ ప్యానెళ్ళు మంచి రకం వేసినా ఇంకో 600 ఎకరాల పైన. చూశారా, కూలింగ్ వల్లే కుదరదు అని ఒకటే గోల పెడతారు గానీ ప్యానెళ్ళ విస్తీర్ణం దానికి మూడింతలు. నా లెక్కలో కూలింగ్ అసాధ్యం కాదు, బరువు, ఖర్చు అంతే.

ఇప్పుడు పైన నడుస్తున్న స్పేస్ స్టేషన్ ఉంది కదండీ, దాని బయట తిరిగే కూలింగ్ ద్రవం ఏంటో తెలుసా, అమ్మోనియా! ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు మా వాళ్ళెవరో పెద్ద ఉద్యోగానికి వెళ్ళినట్టు భలే సంతోషం వేసింది. మనుషులుండే లోపల మాత్రం నీళ్ళ లైను, బయట అమ్మోనియా లైను, ఎందుకంటే ఆ గ్యాస్ లోపల లీకయితే ఏమవుతుందో మాకు బాగా తెలుసు, తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని వాల్వు కట్టెయ్యడానికి పరిగెత్తిన రోజులున్నాయి. ఆ స్టేషన్ మెయిన్ అమ్మోనియా సిస్టమ్ మొత్తం కలిపి వదిలే వేడి 70 కిలోవాట్లు. మా ఏసీల భాషలో 20 టన్నులు (బరువు కాదు, కూలింగ్ కొలత). ఇరవై టన్నులంటే పెద్ద కల్యాణ మండపం ఏసీకి చాలదు. అన్ని వేల కోట్లు పోసి, అన్నేళ్ళు కట్టి, అన్ని దేశాలు కలిసి చేస్తే వచ్చిన కూలింగ్ అది.

2010 జులై చివర్లో దాంట్లో ఒక పంపు మాడ్యూల్ పోయింది, సగం కూలింగ్ పడిపోయింది. మనకైతే పంపు పోతే స్టాండ్‌బై వేసి, భీమవరం నుంచి మెకానిక్ బండి మీద వచ్చేలోపు టీ తాగుతాం. అక్కడ ఆగస్టులో మూడుసార్లు మనుషులు సూట్లు వేసుకుని బయటికి వెళ్ళాల్సి వచ్చింది, మొదటిసారి పైపు కనెక్టర్ బిగుసుకుపోయి ఊడలేదు, పైగా అమ్మోనియా కారింది. చదువుతుంటే నా చెయ్యే నొప్పి పెట్టింది. మరి మనుషులే లేని డేటా సెంటర్లో పంపు పోతే ఎవరెళ్తారు? అందుకని పంపులూ గొట్టాలూ రెండేసి మూడేసి పెట్టాలి, మళ్ళీ బరువు.

బరువు అంటే డబ్బు. రేడియేటర్ పలక గొట్టాలతో సహా చదరపు మీటరుకి 5 కిలోలే అనుకోండి, చాలా ఉదారంగా అనుకుంటున్నాను, ఒక్క రాకుకి పలకే 500 కిలోలు. కిలోకి 3,000 డాలర్లు వేసుకుంటే 15 లక్షల డాలర్లు, మన డబ్బుల్లో పదమూడు కోట్ల పైమాట, ఒక్క రేడియేటర్ పైకి చేర్చడానికే. 1 గిగావాట్‌కయితే పలకలే 4,000 టన్నులు, మన శ్రీహరికోట నుంచి వెళ్ళే ఎల్‌వీఎం3 దగ్గరి కక్ష్యకి ఒక్కసారి మోసేది 8 టన్నుల లెక్కన, 500 ట్రిప్పులు. గూగుల్ వాళ్ళే 2025 నవంబరులో స్పేస్‌లో ఏఐ కంప్యూటర్లు పెట్టే ప్రాజెక్టుని సన్‌క్యాచర్ అని ప్రకటించినప్పుడు, కిలో ఖర్చు 200 డాలర్ల లోపుకి వస్తేనే లెక్క కుదురుతుంది, అది 2030ల మధ్యకి రావచ్చు అని రాశారు. అంటే ఈ ఐడియా తేలేదీ మునిగేదీ సర్వర్ల దగ్గర కాదు, రాకెట్ కిరాయి దగ్గర.

ఎండ విషయంలో మాత్రం మీరన్నది నిజం, అందులో వంక పెట్టడానికి లేదు. మా ప్లాంటు పైకప్పు మీద 1 కిలోవాట్ ప్యానెల్ సంవత్సరం సగటున రోజుకి 4 యూనిట్లు ఇచ్చేది, రాత్రి సున్నా, శ్రావణంలో మబ్బు పడితే దేవుడి దయ. పైన పగలూ రాత్రీ సరిహద్దు గీత మీదుగా తిరిగే కక్ష్య ఒకటుంది, అక్కడ దాదాపు ఎప్పుడూ ఎండే, ఎండ కూడా చదరపు మీటరుకి 1,361 వాట్లు, అదే ప్యానెల్ రోజుకి 32 యూనిట్లు ఇస్తుంది. ఎనిమిది రెట్లు! రొయ్యల చెరువు మీద నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు పెట్టిన రైతుకి ఈ మాట చెప్తే నోరూరుతుంది, రాత్రి కరెంటు పోయి జనరేటర్ స్టార్ట్ అవ్వకపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోయే బతుకులు కదా. కానీ నేనడిగేదేంటంటే, ఎనిమిది రెట్లు తక్కువైతే ఎనిమిది ప్యానెళ్ళు నేల మీద పెట్టుకుంటే పోలేదా? కర్నూలు పక్కన పాణ్యం దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఎప్పుడో నడుస్తోంది. రాత్రికి బ్యాటరీలు కావాలి, నిజమే, కానీ బ్యాటరీ లారీ మీద వస్తుంది.

నీళ్ళ గురించి కూడా చెప్పేస్తా, ఎందుకంటే దీని మీద మన వైపు కూడా అపోహ ఎక్కువ. వేడి మొత్తం నీళ్ళని ఆవిరి చేసే వదిలారనుకుంటే 1 మెగావాట్‌కి రోజుకి సుమారు 36 వేల లీటర్లు, 1 గిగావాట్‌కి 3 కోట్ల 60 లక్షల లీటర్లు. వినడానికి గుండె ఆగుతుంది. దాన్నే క్యూసెక్కుల్లోకి మార్చండి, 15 క్యూసెక్కులు కూడా రాదు. మన కాలువల కింద అది ఒక చిన్న బోదె. ధవళేశ్వరం నుంచి వరదల్లో రోజూ లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి వదులుతాం. అయితే ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసినప్పుడు అదే 15 క్యూసెక్కులు బంగారం, అప్పుడు ఎవరికి ఇస్తారు, తాగేవాళ్ళకా మిషన్లకా అనే గొడవ న్యాయమైనదే, పైగా విశాఖకి గోదావరి పక్కనే పారట్లేదు. కానీ ఆ గొడవకి మందు సముద్రపు నీళ్ళతో చల్లబరచడమో, వాడేసిన నీళ్ళు శుద్ధి చేసి మళ్ళీ వాడడమో అవుతుంది గానీ రాకెట్ ఎక్కడం కాదని నా అభిప్రాయం. ఉప్పునీళ్ళతో కండెన్సర్ నడపడం ఎంత నరకమో నాకు తెలుసు, మా బోరు నీళ్ళకే మూడు నెలలకోసారి ట్యూబులకి సున్నం పట్టి ప్రెషర్ పెరిగి ట్రిప్ అయ్యేది, బ్రష్షులు పెట్టి రుద్దేవాళ్ళం. అయినా చెయ్యొచ్చు, మనిషి చెయ్యి అందుతుంది కాబట్టి.

రిపేరు లేకుండా సర్వర్లు బతకవు అనే వాదన నేను మొదట గట్టిగా నమ్మేవాణ్ణి, తర్వాత కొంచెం తగ్గాను. మైక్రోసాఫ్ట్ 2018లో స్కాట్లాండ్ ఆర్క్నీ దీవుల దగ్గర 864 సర్వర్లని గొట్టంలాంటి డబ్బాలో పెట్టి నైట్రోజన్ నింపి సముద్రం అడుక్కి దింపేసింది, 2020లో పైకి తీస్తే నేలమీద వాటితో పోలిస్తే పాడైనవి ఎనిమిదో వంతే. తేమ లేదు, ఆక్సిజన్ లేదు, నాలాంటోడు వెళ్ళి వైర్లు కదిపేది లేదు! నరసాపురం సముద్రపు గాలికి బోర్డులు పచ్చగా తుప్పు పట్టడం చూసినవాడిగా ఆశ్చర్యం అనిపించలేదు. కానీ చూడండి, అది అంత బాగా పనిచేసినా ఆ దారిలో వాళ్ళు ముందుకి వెళ్ళలేదు. పైన ఇంకో బాధ, రేడియేషన్. 2017లో హెచ్‌పీ ఎంటర్‌ప్రైజ్ మామూలు సర్వర్లని స్పేస్ స్టేషన్‌కి పంపితే నడిచాయి గానీ డేటా దాచే ఎస్ఎస్‌డీలు 20లో 9 పోయాయి. గూగుల్ తన చిప్పుల మీద ప్రోటాన్లు కొట్టించి చూసుకుంటే ఐదేళ్ళకి తగిలే మోతాదు తట్టుకున్నాయి, మెమరీయే కాస్త సున్నితం అని తేలింది. కాబట్టి ఇది దాటగలిగే అడ్డమే.

సిగ్నల్ గురించి ఎక్కువ చెప్పను. వాన పడితే మీ ఇంట్లో డిష్ టీవీ ఏమవుతుందో మీకు తెలుసు. లేజర్‌తో కిందకి పంపితే మబ్బే అడ్డం.

మరి ఏం కుదురుతుంది అంటారా, డేటా పైనే పుట్టినప్పుడు పని కూడా పైనే చెయ్యడం. ఇది ఇప్పటికే మొదలైంది, చైనా 2025 మేలో ఇలాంటి పనికి 12 ఉపగ్రహాలు ఒకేసారి పంపింది, అమెరికా స్టార్‌క్లౌడ్ అనే కంపెనీ నవంబరులో ఏఐకి వాడే ఎన్‌విడియా హెచ్100 చిప్పు పెట్టి 60 కిలోల ఉపగ్రహం పంపింది, గూగుల్ 2027 మొదట్లో రెండు నమూనా ఉపగ్రహాలు పంపుతానంది. అన్నీ చిన్నవే, విశాఖ సైజుకి ఇవి చెరువు ముందు చెంబులు. కానీ నాకు వీటి మీదే ఆశ. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా చెల్లెలి అత్తారు లంకలో ఉన్నారు, ఫోన్లు పనిచెయ్యలేదు, ఏటిగట్టు మీద నిలబడి పడవ మీద వచ్చినోడినల్లా "మా వైపు ఎంత వరకూ వచ్చింది" అని అడిగాం. ఒకడు మోకాలు అన్నాడు, ఇంకోడు చూరు అన్నాడు. మబ్బుల్లోంచి చూడగలిగే రాడార్ ఉపగ్రహాలు అప్పటికే ఉన్నాయి, కానీ బండెడు డేటా కిందకి దించి, ఎక్కడో కంప్యూటర్లో వేసి, మ్యాపు గీసి పంపేసరికి నీళ్ళు తీసేస్తాయి. ఆ లెక్కేదో పైనే ఐదు నిమిషాల్లో చేసేసి, ఫలానా లంక, ఫలానా రోడ్డు మునిగింది అని రెండు లైన్ల మెసేజ్ పంపడానికి 1 గిగావాట్ అక్కర్లేదండీ, నాలుగైదు వందల వాట్లు చాలు, దానికి రేడియేటర్ మన మంచం దుప్పటి అంత కూడా ఉండదు.