అంచు గట్టిపడిన షుగర్ పుండు మానాలంటే?

ప్రశ్న: నా వయసు 56. పదేళ్లుగా షుగర్ ఉంది. అరికాల్లో బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు పడి మూడు నెలలైంది. చుట్టూ ఆనెకాయలా గట్టిపడింది. మా నాన్నకూ ఇలాగే మానలేదు. ఇది జన్యు లోపమా?

సమాధానం: షుగర్ వచ్చే గుణం కుటుంబాల్లో ఉంటుంది. పుండు మానకపోవటాన్ని మాత్రం వారసత్వం మీదికి నెట్టి వదిలేయకండి. మీరు చెప్పిన ఆ గట్టి అంచే అసలు సంగతి.

మామూలుగా చర్మం తెగిన కొన్ని గంటల్లోనే అంచునున్న కెరటినోసైట్ (చర్మం పైపొర) కణాల్లో కెరటిన్ 6, 16 వంటి జన్యువులు పనిలోకి దిగుతాయి. కణాలు పక్కవాటితో పట్టు సడలించుకుని, చదునుగా సాగి, పుండు మీదికి పాకుతాయి. వెనక వరసలోవి విభజన చెంది కొత్త కణాలను అందిస్తాయి. మానని షుగర్ పుండ్ల అంచున సి-మిక్ అనే జన్యువు అతిగా పనిచేస్తుంటుంది. దాంతో కణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయే తప్ప ముందుకు కదలవు. దీనికి నడక ఒత్తిడి తోడై ఆనె ఇంకా మందమవుతుంది.

అందుకే ముందుగా కాలికి రక్తం బాగా అందుతోందో లేదో డాప్లర్‌తో చూసి, ఆ అంచును డాక్టరు బ్లేడుతో చెక్కేయాలి. చెక్కాక పుండు పెద్దదైనట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి. ఇంట్లో మీరే కోయటం, ఆనెకాయల ప్లాస్టర్లు వేయటం వద్దు. పసుపు, ఆకు పసర్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వద్దు. పెరాక్సైడ్ పాకుతున్న కొత్త కణాలనూ చంపుతుంది.

పుండు ఆరబెడితేనే మానుతుందనేది అపోహ. పక్కు కడితే కణాలు దాని అడుగున దారి తొలుచుకుంటూ పోవాలి. పందుల చర్మం మీద పైపై గాయాలను పాలిథిన్ పొరతో కప్పితే దాదాపు రెట్టింపు వేగంతో చర్మం పట్టిందని 1962లోనే జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు చూపించారు. సెలైన్‌తో కడిగి, తడి నిలిపే డ్రెస్సింగ్ వేయించుకోండి. చుట్టూ చర్మం తెల్లగా నానిపోతుంటే తడి ఎక్కువైనట్టే.

ఎంత మంచి డ్రెస్సింగైనా ఆ కాలి మీద బరువు పడితే వృథా. బాత్రూమ్ దాకా నాలుగడుగులు వేసినా కొత్త కణాలు నలిగిపోతాయి. బరువు తప్పించే కాస్ట్ (పాదానికి వేసే గట్టి కట్టు) వేయించుకోండి. దాన్ని రక్తప్రసరణ, ఇన్ఫెక్షన్ చూశాకే వేస్తారు.

నాలుగు వారాల్లో పుండు వైశాల్యం సగానికి తగ్గాలి. తగ్గకపోతే చికిత్స మార్చాలి, అవసరమైతే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించటం) చేయాలి. మూడు నెలల పుండు కాబట్టి ఎముకకు ఇన్ఫెక్షన్ పాకిందేమో ఎక్స్‌రే ఇప్పుడే తీయించండి. జ్వరం, దుర్వాసన, నలుపు, పైకి పాకే ఎరుపు, వీటిలో ఏది కనిపించినా నొప్పి లేదని ఆగొద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. షుగర్‌తో నరాలు మొద్దుబారిన పాదానికి నొప్పి తెలియదు.