మిల్లు వేరు, నియోజకవర్గం వేరు

చిరంజీవి అమ్మలూకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. 2029లో అసెంబ్లీకి నిలబడమని పార్టీవాళ్ళు ఇంటికొచ్చి అడిగారనీ, మీ ఆయనకు సమ్మతమేననీ, నా మాట కోసం ఆగాననీ రాశావు. నిలబడు. మామగారు పోయాక అప్పుల్లో మునిగిన రైసు మిల్లును ఒడ్డున పడేశావు. హమాలీ మేస్త్రీ దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరితో నెగ్గుకొచ్చావు. నీలాంటి వాళ్ళు అసెంబ్లీలో ఉండాలని నేను మనసారా కోరుకుంటాను. కాకపోతే నామినేషన్‌కు చాలా ముందే ఒక పని కావాలి. మిల్లును నీ చేతుల్లోంచి విడదీయాలి. ఆయిల్ మిల్లు నడుపుతూనే ఎంపీపీగా, ఎమ్మెల్యేగా చేసినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు క్యాలెండర్ చూడు. మన దగ్గర పోలింగ్ 2014లో మే 7న, 2019లో ఏప్రిల్ 11న, 2024లో మే 13న జరిగింది. అంటే సరిగ్గా రెండో పంట దాళ్వా కోతలు, ధాన్యం కొనుగోళ్ళ రోజులు. నువ్వు ప్రచారంలో ఇంటింటికీ తిరుగుతుంటే అక్కడ మిల్లు గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. పైన మబ్బు పట్టి, బస్తాలు దిగక ఆగిపోయిన రైతు తిట్టుకునేది గుమస్తాను కాదు, నిన్నే. ఆ సీజనంతా నీకు ఒక్క ఫోన్ కూడా రాకుండా మిల్లు నడవాలి. ఇప్పటినుంచి రెండు మూడు సీజన్లు వేరే మనిషి చేత నడిపించి చూస్తే తప్ప అది కుదురుతుందో లేదో తెలియదు.

ఆ మనిషి మీ ఆయన అనుకుంటున్నావేమో. ఎమ్మెల్యేగా ఉన్నంతవరకు పరవాలేదు. రేపు మంత్రివైతే మాత్రం, మంత్రులకు కేంద్ర హోంశాఖ పెట్టిన ప్రవర్తనా నియమావళి ఒకటుంది, రాష్ట్ర మంత్రులకూ అదే. వ్యాపార నిర్వహణ వదులుకోవాలి, దాన్ని భర్తకో భార్యకో కాకుండా కుటుంబంలో మరొక పెద్దవాళ్ళకు అప్పగించాలి అని అందులో ఉంది. ప్రభుత్వానికి సరుకు సరఫరా చేసే వ్యాపారమైతే వాటా కూడా వదులుకోవాల్సి రావచ్చు. మంత్రి పదవి మాట ఇప్పుడెందుకు అనకు. మీ మరిదికి ఇప్పుడే పని నేర్పితే ఆ రోజు తడబడాల్సిన పని ఉండదు.

ఇక అసలు చిక్కు కస్టమ్ మిల్లింగ్‌తో. పౌరసరఫరాల సంస్థ ఇచ్చే ధాన్యం తీసుకుని ఆడించి, క్వింటాలుకు 67 కిలోల చొప్పున పచ్చిబియ్యం తిరిగివ్వడానికి నువ్వు ఒప్పందం రాసిచ్చావు, బ్యాంకు గ్యారంటీ పెట్టావు. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో 9ఎ సెక్షన్ ఉంది. ప్రభుత్వానికి సరుకు సరఫరా చేసే కాంట్రాక్టో, ప్రభుత్వ పని చేసే కాంట్రాక్టో నడుస్తున్నవాళ్ళు పోటీకి అనర్హులు, గెలిచాక ఉన్నా అనర్హులే. నీ ఒప్పందం ప్రభుత్వంతోనా, కార్పొరేషన్‌తోనా, దానికి ఈ సెక్షన్ తగులుతుందా లేదా అన్నది హైకోర్టులో ఎన్నికల కేసులు వాదించే వకీలు చేత కాగితం మీద రాయించుకో. నీ వంతు పని పూర్తిగా అప్పగించేస్తే, డబ్బు ఇంకా రావలసి ఉన్నా కాంట్రాక్టు నడుస్తున్నట్టు కాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. కాబట్టి ఇవ్వాల్సిన బియ్యం ఒక్క బస్తా బాకీ లేకుండా అప్పజెప్పి, రసీదు దాచుకో. నామినేషన్ల పరిశీలన రోజున ఎదుటివాళ్ళ వకీలు ముందుగా వెతికేది దీన్నే.

నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ సంగతి నీ ఆడిటరుకు తెలుసు. నీది, మీ ఆయనది, మీ మీద ఆధారపడినవాళ్ళది ఐదేళ్ళ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ప్రభుత్వ కాంట్రాక్టులు అన్నీ అందులో రాయాలి. ఊరంతా చదువుతుంది, చదవనీ.

డబ్బు మాట. అసెంబ్లీ అభ్యర్థికి ఖర్చు పరిమితి 2022 నుంచి 40 లక్షలు. దానికి ప్రత్యేకంగా బ్యాంకు ఖాతా తెరవాలి, ఒక్కరికి పదివేలు దాటి ఇవ్వాల్సింది ఏదైనా చెక్కుతోనో ఆన్‌లైన్‌లోనో ఇవ్వాలి, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పజెప్పాలి. బయట ఎంత ఖర్చవుతుందని నీకు చెప్పేవాళ్ళు చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. ధాన్యం నిల్వ మీద బ్యాంకు ఇచ్చిన క్యాష్ క్రెడిట్ సొమ్ములో ఒక్క రూపాయి కూడా ఎన్నికల వైపు మళ్ళకూడదు. స్టాకు తనిఖీకి వచ్చిన రోజు ధాన్యం తక్కువ కనిపిస్తే ఖాతా ఆగిపోతుంది, రైతుకు డబ్బు ఆగిపోతుంది, ఆ ఊళ్ళో నీ పేరు ఆగిపోతుంది. టికెట్ కోసం మిల్లు తాకట్టు పెట్టమనే పార్టీ ఏదైనా సరే, దండం పెట్టి పంపించెయ్.

ఇప్పుడు నీకు అన్నిటికంటే కష్టమైనది చెబుతాను. నీ ఓటర్లలో సగంమందికి నువ్వు ఇప్పటికే తెలుసు, నీ కాటా దగ్గర. తేమ 17 శాతం దాటిందని ఎన్ని బస్తాలు వెనక్కి పంపావో, 75 కిలోల బస్తాకు ఎంత తరుగు తీశావో నీ పుస్తకాల్లో ఉండకపోవచ్చు గాని వాళ్ళ మనసులో ఉంటుంది. మా ఊళ్ళో ఒక కౌలురైతు పాత సార్వాలో తన మీద పడిన తరుగును ఊరూ పేరూ తేదీతో సహా చెప్పడం నేను చెవులారా విన్నాను. అందుకే ఈ దాళ్వా నుంచే తేమ మీటరు గదిలోంచి తీసి కాటా పక్కన అందరికీ కనబడేట్టు పెట్టు. అంకె రైతునే చదవమను. చీటీ మీద తేమ, తూకం, తీసిన తరుగు, ఎందుకు తీశారో రాయించి ఇవ్వు. లాభం కొంచెం తగ్గుతుంది, తగ్గనీ. ఓటు కోసమే చేసి ఫలితాలు రాగానే మానేస్తే మాత్రం ఈ పని మొదలే పెట్టకు.

వ్యాపార కుటుంబం నుంచి వచ్చిన ఆడవాళ్ళలో గల్లా అరుణకుమారి గారి దారి చూడు. తండ్రి పాటూరి రాజగోపాల నాయుడు గారు చిత్తూరు ఎంపీగా చేసినవారు, కాబట్టి నీకు లేని అండ ఆమెకు ఉంది. అయినా కరకంబాడి దగ్గర అమరరాజా బ్యాటరీలను భర్త, కొడుకు చూసుకున్నారు, ఆమె చంద్రగిరిని చూసుకున్నారు. 1989లో గెలిచి, 1994లో ఓడి, నియోజకవర్గం వదలకుండా 1999లో మళ్ళీ గెలిచారు. 2004లోనూ 2009లోనూ గెలిచి మంత్రిగా పనిచేశారు. ఆమె కొడుకు జయదేవ్ గారు కంపెనీ, ఎంపీ పదవి రెండూ చూసి, 2024 జనవరిలో రాజకీయాల నుంచి తప్పుకుంటున్నట్టు చెప్పారు. మధ్యలో 2021లో కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళ ప్లాంట్ల మూసివేతకు ఉత్తర్వులిస్తే హైకోర్టు నిలిపివేసింది. అందులో న్యాయం ఎటుందో నేను తేల్చలేను. నువ్వు మాత్రం కాలుష్య మండలి అనుమతి, బాయిలర్ తనిఖీ, కాటాకు తూనికలు కొలతల ముద్ర, హమాలీల పీఎఫ్, ఊక బూడిద ఎక్కడ పోస్తున్నారన్నది, ఏ ప్రభుత్వమొచ్చి చూసినా వేలెత్తి చూపలేనట్టు ఉంచుకో.

గెలిచాక పొద్దున్నే వాకిట్లో జనం ఉంటారు. పింఛను, ఇంటి స్థలం, ముఖ్యమంత్రి సహాయ నిధి, స్టేషన్లో పంచాయితీ. మిల్లులో నువ్వు చెప్పగానే పని జరుగుతుంది, ఇక్కడ తహసీల్దారును మూడుసార్లు అడగాలి, అడిగి కనుక్కోవాలి, మళ్ళీ అడగాలి. ఆ ఓర్పు తెచ్చుకో. నీ ఫోన్ నువ్వే ఎత్తు. నేను ఎంపీపీగా ఉన్నప్పుడు ఒక అధికారి ఫైలు తెచ్చి మా ఆయన ముందు పెట్టారు. మా ఆయన దాన్ని నా ముందుకు జరిపి, లేచి వరండాలోకి వెళ్ళిపోయారు. ఆ తరువాత ఆ ఆఫీసులో ఎవరూ ఆయన ముందు ఫైలు పెట్టలేదు. మీ ఆయనతో ఈ మాట ఇప్పుడే మాట్లాడుకో. 2023లో రాజ్యాంగ సవరణ చేసి చట్టసభల్లో మూడోవంతు సీట్లు మనకన్నారు. ఆ సీట్లలో ఆడవాళ్ళ పేరు మీద మగవాళ్ళు కూర్చుంటే నా కడుపు మండుతుంది.

వచ్చే ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. ఐదేళ్ళ రిటర్నులు, కస్టమ్ మిల్లింగ్ ఒప్పందం, బ్యాంకు శాంక్షన్ లెటరు తీసి పెట్టు. మీ మరిదిని కూడా ఉండమను. ఆ కుర్రాడితో నేను విడిగా కాసేపు మాట్లాడాలి.

ఇట్లు,
మీ పెద్దమ్మ