ఇంత చిన్న టాపిక్ మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉంది. రోగనిరోధక కణాల్లో ఐరన్‌ను అదుపు చేసే ప్రోటీన్లపై హార్మోన్ల ప్రభావం మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇంత చిన్న టాపిక్‌తో ఉద్యోగం వస్తుందా అని టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: పీహెచ్‌డీ టాపిక్ ఏదైనా ఇంతే చిన్నగా ఉంటుందండీ, దానికి కంగారు పడకండి. చూడాల్సింది ఆ పనిలో ఏం నేర్చుకుంటుందనేది.

ముసలి ఎర్ర రక్తకణాలను మింగి, వాటిలోని ఐరన్‌ను మళ్లీ రక్తంలోకి వదిలేవి మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు. అలా రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాములు తిరిగొస్తుంది. తిండి నుంచి ఒంటికి పట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. కణంలోంచి ఐరన్ బయటికి పోయే దారి ఫెర్రోపోర్టిన్ అనే ప్రోటీన్. లివర్ నుంచి వచ్చే హెప్సిడిన్ అనే హార్మోన్ దానికి అతుక్కుంటే ఆ దారి మూసుకుపోతుంది, ఐరన్ లోపలే, దాన్ని నిల్వ చేసే ఫెర్రిటిన్ అనే ప్రోటీన్‌లో ఉండిపోతుంది. ఇన్‌ఫెక్షన్ ఉంటే హెప్సిడిన్ పెరుగుతుంది. చాలాకాలంగా ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లకు ఒంట్లో ఐరన్ నిల్వలు ఉన్నా రక్తహీనత రావడానికి ఇదో ముఖ్య కారణం. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ హెప్సిడిన్‌ను తగ్గిస్తుందని తెలుసు. ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ విషయం మాత్రం ఇంకా తేలలేదు, ఒక్కో ప్రయోగంలో ఒక్కోలా వస్తోంది. మీ అమ్మాయికి అక్కడ చేతినిండా పని ఉంది.

ఫలితాలు అలా మారడానికి ల్యాబ్‌లోనే కొన్ని కారణాలుంటాయి. కణాలను పెంచే ద్రవానికి ఎరుపు రంగునిచ్చే ఫినాల్ రెడ్ తానే కొద్దిగా ఈస్ట్రోజన్‌లా పనిచేస్తుంది. అందులో కలిపే సీరంలోనూ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) హార్మోన్లుంటాయి. అందుకే రంగు లేని ద్రవం, చార్‌కోల్‌తో హార్మోన్లు తీసేసిన సీరం వాడతారు. ఇలాంటి జాగ్రత్తలు తెలిసిన అమ్మాయి ఇంటర్వ్యూలో "మీ కంట్రోల్ ఏంటి?" (అంటే ఫలితాన్ని దేనితో పోల్చి చూశారు) అని అడిగితే తడుముకోదు. సెల్ కల్చర్ (కణాలను ల్యాబ్‌లో పెంచడం), ఫ్లో సైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించడం), వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను గుర్తించడం) చేతిలో ఉంటే టాపిక్ పేరు ఎవరూ పట్టించుకోరు. ఫార్మా, డయాగ్నస్టిక్స్ కంపెనీలకు కావాల్సింది ఈ నైపుణ్యాలే. హెప్సిడిన్‌ను పోలిన మందుల మీద కూడా పని జరుగుతోంది. పనిలో పనిగా స్టాటిస్టిక్స్, కాస్త కోడింగ్ నేర్చుకోమనండి.

ఒక్కటి మాత్రం నిక్కచ్చిగా చెప్తాను. ప్రొఫెసర్ అవ్వాలన్నదే ఏకైక లక్ష్యమైతే పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. అప్పుడు రెండో దారి కూడా ముందే అనుకోవాలి.

నా ఉద్దేశంలో టాపిక్ కన్నా గైడ్ ముఖ్యం. ఆ ల్యాబ్‌లో చదివి బయటికి వచ్చిన ఇద్దరు ముగ్గురితో మీ అమ్మాయిని మాట్లాడమనండి. ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడు ఎక్కడున్నారు అని అడిగితే చాలు. మనుషుల రక్త నమూనాలతో పని చేయాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. అది ఇప్పటికే ఉందా, లేక చేరాక అప్లై చేస్తారా అన్నది కూడా కనుక్కోమనండి. అనుమతి ఆలస్యమైతే ఆ నెలలన్నీ తన పీహెచ్‌డీలోంచే పోతాయి.