విదేశీ ట్రస్టు ఏ దేశానిది?

సందేహం: అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో ఏర్పడిన ఒక బిజినెస్ ట్రస్టులో మా స్నేహితులం కొందరం డబ్బు పెట్టాం. అది టెక్సస్‌లో అపార్ట్‌మెంట్లు కొని అద్దెకిస్తుంది. అందుకు టెక్సస్‌లో కూడా రిజిస్టర్ చేయించాలట. విజయవాడలో ఉన్న మా నాన్నగారు వివరాలు అడిగితే కాగితాల సారాంశం తెలుగులో రాసి పంపాను: “ఈ విదేశీ వ్యాపార ధర్మసంస్థను చట్టబద్ధంగా నడపడానికి ధర్మకర్త దీన్ని విదేశాంగ మంత్రి కార్యాలయంలో నమోదు చేయించాలి.” ఆయన వెంటనే ఫోన్ చేసి “ఏ దేశం ధర్మసంస్థరా ఇది? మంత్రి దాకా ఎందుకు వెళ్లింది?” అని టెన్షన్ పడ్డారు. నిఘంటువు చూసే రాశాను. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, డాలస్

సమాధానం: మీ నాన్నగారు వాక్యాన్ని సరిగ్గానే చదివారు. తెలుగులో దానికి ఆ అర్థమే వస్తుంది.

ముందు ‘విదేశీ’ సంగతి. అమెరికాలో సంస్థల చట్టాలు రాష్ట్రానికొక తీరు. అందుకే ఒక రాష్ట్రంలో పుట్టిన సంస్థ ఇంకో రాష్ట్రానికి ‘ఫారిన్’ అవుతుంది. డెలావేర్ ట్రస్టు టెక్సస్‌కు ఫారిన్, టెక్సస్ ట్రస్టు డెలావేర్‌కు ఫారిన్. నిజంగా పరాయి దేశపు సంస్థ అని విడిగా చెప్పాల్సి వస్తే అక్కడి లాయర్ల పరిభాషలో ‘ఏలియన్’ అనే మాట ఉంది. దాన్నీ నిఘంటువు చూసి రాస్తే మీ నాన్నగారికి గ్రహాంతరవాసులు కనిపించేవారు! మన దగ్గర ఈ గొడవ లేదు. కంపెనీల చట్టం దేశమంతటికీ ఒకటే. 2013 నాటి ఆ చట్టంలో ఫారిన్ కంపెనీ అంటే భారతదేశం బయట ఏర్పడినదే. హైదరాబాద్ కంపెనీ ముంబయిలో ఆఫీసు తెరిస్తే జీఎస్టీ రిజిస్ట్రేషన్ వేరుగా తీసుకుంటుంది గానీ, కంపెనీగా మళ్లీ రిజిస్టర్ కానక్కర్లేదు.

వెనకటి తెలుగైతే మీ ‘విదేశీ’ చెల్లేదేమో. ‘దేశం’ అంటే ఒకప్పుడు మనకు ప్రాంతమే. ఆంధ్రదేశం అన్నది ఆ అర్థంలోనే. దేశదిమ్మరి పాస్‌పోర్టు పట్టుకుని తిరిగినవాడు కాడు. పరదేశి అన్నా పైచోటి నుంచి వచ్చినవాడని. పోనుపోను అది దిక్కులేనివాడి పేరైంది. ఇవాళ ‘విదేశీ’ అనగానే వీసా, విమానం గుర్తొస్తాయి కాబట్టి ఆ మాట ఇక్కడ పనికిరాదు. ‘స్థానికేతర’ అని కొందరు సూచించవచ్చు. మన రెండు రాష్ట్రాల్లో ఆ మాట వింటే సీట్ల కౌన్సెలింగు, ఉద్యోగాల కోటా కళ్ల ముందు నిలుస్తాయి. ‘పొరుగు రాష్ట్రపు’ అందామంటే డెలావేర్‌కీ టెక్సస్‌కీ సరిహద్దే లేదు. ‘వేరే రాష్ట్రంలో ఏర్పడిన’ అనండి. రెండు మాటలు ఎక్కువైనా మనిషికి అర్థమవుతుంది.

ఇక ధర్మకర్త. టీటీడీకి ధర్మకర్తల మండలి ఉంది. గాంధీజీ చెప్పిన ట్రస్టీషిప్పును మనం ధర్మకర్తృత్వ సిద్ధాంతం అన్నాం. సంపద సమాజం కోసమే అనేది అందులోని భావం కనుక అక్కడా ‘ధర్మం’ అతికింది. మీ ట్రస్టు పుట్టిందే లాభం పంచుకోవడానికి. అద్దెలు వసూలు చేసేవాణ్ణి ధర్మకర్త అంటే చదివేవాడికి గుడీ, సత్రమూ కనిపిస్తాయి. హిందీవాళ్లను చూసి ‘న్యాసం’ అందామా అంటే, అది మనకు పూజలోని అంగన్యాస కరన్యాసాల దగ్గర స్థిరపడిపోయింది. ట్రస్టు, ట్రస్టీ మనవాళ్ల నోట ఎప్పుడో తెలుగైపోయాయి, వాటినే ఉంచండి. మీ నాన్నగారికి షేర్ల సంగతులు తెలిసుంటే మాత్రం ఒక హెచ్చరిక: మన ఆదాయపు పన్ను చట్టంలోకి 2014లో వచ్చిన ‘బిజినెస్ ట్రస్టు’ అంటే షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర రిజిస్టరయిన రీట్‌లు, ఇన్విట్‌లు. అంటే మదుపుదార్ల డబ్బును స్థిరాస్తిలో, మౌలిక వసతుల్లో పెట్టే ట్రస్టులు. మీది ఆ బాపతు కాదని ఒక ముక్క రాయండి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ‘విదేశాంగ మంత్రి’. వాషింగ్టన్‌లో ఉండే సెక్రటరీ ఆఫ్ స్టేట్‌ను మన పత్రికలు అలాగే రాస్తాయి, అది సరైనదే. టెక్సస్‌లో అదే పేరుగల పదవి రాష్ట్ర ప్రభుత్వానిది. కంపెనీలు, ట్రస్టుల రిజిస్ట్రేషను ఆ ఆఫీసు చూస్తుంది. ‘రాష్ట్ర కార్యదర్శి’ అని అనువదించారో, మనవాళ్లకు ఏ పార్టీ ఆఫీసో తోస్తుంది. పదవి పేరు తెలుగు లిపిలో రాసి, పక్కన అది చేసే పని చెప్పండి. మీ కాగితాల్లో ‘రిజిస్టర్డ్ ఏజెంట్’ అన్న మాట ఉంటే దాని విషయంలోనూ ఇంతే. ఏజెంటంటే మనకు ఎల్‌ఐసీ పాలసీ తెచ్చే మనిషి. ‘ట్రస్టు తరఫున టెక్సస్‌లో సమన్లు, నోటీసులు అందుకునే ప్రతినిధి’ అంటే సరిపోతుంది.

‘చట్టబద్ధంగా’ మీరు వాడిన చోట సరైన మాటే. అయితే దానికి ఎదురుగా రిజిస్టర్ కాని దాన్ని ‘అక్రమ ట్రస్టు’ అనకండి. టెక్సస్ చట్టం ప్రకారం అలాంటి ట్రస్టు అక్కడి కోర్టుల్లో దావా నడపలేదు, జరిమానా కూడా పడవచ్చు. కానీ అది కుదుర్చుకున్న ఒప్పందాలు చెల్లుతాయి, తనపై ఎవరైనా దావా వేస్తే వాదించుకోనూవచ్చు. ఇంకొకటి: డెలావేర్ 1988లో చేసిన చట్టంలో ఇవి బిజినెస్ ట్రస్టులే. 2002లో పేరు మార్చి స్టాట్యూటరీ ట్రస్టులన్నారు. మీ కాగితాల్లో ఆ మాట ఉంటే ‘చట్టబద్ధ ట్రస్టు’ అని రాయకండి, తక్కినవన్నీ దొంగ ట్రస్టులా అని అడుగుతారు. ‘డెలావేర్ ట్రస్టు చట్టం కింద ఏర్పడిన’ అంటే గొడవ లేదు.

మీ వాక్యం ఇలా మార్చుకోండి: “డెలావేర్‌లో ఏర్పడిన ఈ బిజినెస్ ట్రస్టు టెక్సస్‌లో చట్టబద్ధంగా వ్యాపారం చెయ్యాలంటే, సంస్థలను రిజిస్టర్ చేసే అక్కడి రాష్ట్ర కార్యాలయంలో, అంటే టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో, ట్రస్టీ దాన్ని రిజిస్టర్ చేయించాలి.” ట్రస్టు సొంత పేరును మాత్రం అనువదించకండి. రేపు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు రెండూ ఒకటేనని ఆయనకు తెలియాలి.