‘రివర్ట్’ అన్నాను, పాత లేబులే వచ్చింది

“ఇంగ్లీష్‌లో రాసేటప్పుడు క్రియలు సహజంగా, స్పష్టంగా ఉండాలంటే ఏ పుస్తకం చదవాలి?” అని అడిగారు. పుస్తకం సంగతి తర్వాత, ముందు ఆఫీసు ఇంగ్లీష్ మానండి.

నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతి కాగితాలు చూస్తాను. జూన్, జూలైల్లో గేటు బయట తోతాపురి లారీలు, లోపల మాకు టెన్షన్. అలాంటి ఒక రాత్రి, లేబుల్‌లో తేదీలు సరిచేసి విదేశీ కొనుగోలుదారుకు పంపుతూ కింద ‘కైండ్లీ రివర్ట్’ అని రాశాను. మన దగ్గర దానర్థం జవాబివ్వండి అని. ఆయనకేమో పాతదానికి వెళ్లిపోండి అని. ‘రివర్టెడ్’ అంటూ పాత లేబులే జతచేసి పంపాడు. జవాబొచ్చిందని సంబరపడి, తెరిచి చూడకుండానే ప్రింటింగ్‌కు ఇచ్చేశా.

ఆ పాత లేబుళ్లే 3.1 కిలోల డబ్బాలకు అంటించేశారు. రెండు రోజులు ఆడవాళ్లు బకెట్లలో వేడినీళ్లు పెట్టుకుని, తడిగుడ్డతో నానబెట్టి లేబుళ్లు గీకారు. ఒక అక్క చేతులు చూపించి, “ఏంది సార్, మీరు ఇంగ్లీషు రాస్తే మా గోళ్లు పోవల్లా?” అనింది. ‘ప్లీజ్ రిప్లై’ అనుంటే సరిపోయేది.

నన్నడిగితే సగం తప్పులు తెలుగులోంచే వస్తాయి. మనం ‘తనిఖీ చేశాం’ అంటాం కాబట్టి ‘కండక్టెడ్ యాన్ ఇన్‌స్పెక్షన్’ అని రాస్తాం. ‘ఇన్‌స్పెక్టెడ్’ ఒక్కటి చాలు. ‘గురించి’ లేనిదే మనకు చర్చ సాగదు, అందుకే ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ వచ్చి కూర్చుంటుంది. మా చిత్తూరోళ్లది ఇంకో కథ. ‘నిన్ననే పంపించుండాం’ అనే అలవాటుకు ‘హ్యావ్ సెంట్ యెస్టర్డే’ అని వచ్చేస్తుంది. నిన్న అని చెప్పాక ‘సెంట్’ చాలు, ‘హ్యావ్’ అక్కర్లేదు.

తిరుపతిలో మా తమ్ముడి కొడుకు స్పోకెన్ ఇంగ్లీష్‌కు వెళ్తే రోజుకు ఇరవై ఫ్రేజల్ వెర్బ్‌లు, అంటే రెండు మూడు మాటలు కలిసిన క్రియలు, బట్టీ పట్టించారు. వాడిప్పుడు సెలవు చీటీలో కూడా జ్వరాన్ని ‘పుట్ అప్ విత్’ (భరించడం) చేస్తున్నాడు. డబ్బులు దండగ.

నా పద్ధతి ఒకటే. ఎదుటివాడు ఏం చేయాలో ముందు తెలుగులో అనుకుని, ఆ పనికి ఒక్క క్రియ వెతుకుతా. మా మేనేజర్ మాత్రం ఇప్పటికీ ప్రతి ఉత్తరం చివర ‘డూ ద నీడ్‌ఫుల్’ తగిలిస్తారు. ఏం చేయాలో రాయండి సార్ అంటే, “వాళ్లకు తెలీదా?” అంటారు.